పాత కారు వెనుక కమాను కట్టు: మరమ్మతు, బుష్షుల మార్పిడి

కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణముల చుట్టునున్న గ్రామములకు పోవు దారులు అనేకము కాలువ గట్ల వెంబడి సాగుచున్నవి. ఒక ప్రక్క నిండుగా పారు కాలువ, రెండవ ప్రక్క పల్లమున వరిచేలు, నడుమ ఇరుకైన తారురోడ్డు. ఇట్టి దారిపై నడచు వాహనమునకు ఇంజను ఎంత ముఖ్యమో, అడుగున కంటికి కనబడక చక్రములను బాడీకి కలిపి పట్టియుంచు కమాను కట్టు అంతకంటె ముఖ్యము. ఇంజను ఆగిపోయినచో బండి నిలిచిపోవును. ప్రయాణికులు దిగి నడచియైనను ఇల్లు చేరగలరు. కాని, పరుగులోనున్న కారు వెనుక కమాను విరిగి ఇరుసు ప్రక్కకు జరిగినచో బండి చెప్పినట్లు వినదు. అది పోవు వైపు కాలువ యున్నచో ఫలితము ఊహింపవచ్చును.

పెండ్లిండ్ల కాలమున పరిమితికి మించి జనమును ఎక్కించుకొని పోవు పాత కార్లకు ఈ ప్రమాదము మరింత దగ్గరగా నుండును. ఆశ్చర్యమేమనగా, ఈ భాగము చెప్పాపెట్టకుండ చెడునది కాదు. నెలల తరబడి చప్పుడు చేసియు, ఒరిగియు, ఊగియు తన జబ్బును తానే తెలియజేయుచుండును. ఆ భాష తెలిసికొన్నవారికి ప్రాణభయము తప్పును, ఖర్చును తగ్గును. పాత కార్లు గల గ్రామీణ సోదరులకును, వాటిని నడుపుకొని జీవించు డ్రైవరులకును, చిన్న వర్క్‌షాపులలో పని నేర్చుకొనుచున్న యువకులకును ఉపయోగపడునట్లు ఆ విషయము లిందు వివరింపబడినవి. అందరెరిగిన అంబాసిడర్ కారును ఉదాహరణగా గ్రహించితిమి.

అంబాసిడర్ నిర్మాణము

హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1942లో స్థాపింపబడినది. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాను గ్రహించి, ఆ సంస్థ పశ్చిమ బెంగాలునందలి ఉత్తరపారా కర్మాగారములో 1957లో అంబాసిడర్ తయారీని ఆరంభించినది. మన విజయవాడ చెంత ప్రకాశం బ్యారేజీ పూర్తియైనదియు ఆ సంవత్సరముననే. సుమారు 57 సంవత్సరముల పాటు సాగిన ఈ కారు తయారీ 2014 మే నెలలో నిలిచిపోయినది. తయారీ నిలిచినను కార్లు ఒక్కసారిగా మాయము కాలేదు. కొన్ని కుటుంబములు తాతలనాటి ఆస్తివలె వాటిని నేటికిని కాపాడుకొనుచున్నవి.

ఈ కారు మన పల్లెదారులకు తగినదని పేరు పొందుటకు దాని వెనుక కట్టు ఒక ప్రధాన కారణము. ముందు చక్రములు రెండును దేనికది విడిగా కదలును. వెనుక చక్రములు మాత్రము ఒకే గట్టి ఇరుసునకు రెండు చివరల నుండును. ఆ ఇరుసు బాడీ క్రింద కుడి ఎడమల నున్న రెండు కమాను కట్టలపై అమరియుండును. జీపులకును లారీలకును ఉన్న పద్ధతి ఇదియే. పూర్వము మన ఊళ్లలో తిరిగిన జట్కా బండి కమానును చూచినవారికి ఇది క్రొత్త కాదు. దీనియందలి మేలేమనగా, సంక్లిష్టమైన భాగములు లేవు. సామాన్యమైన పనిముట్లతో, శ్రద్ధగల మేస్త్రీ విప్పి మరల కట్టగలడు.

కమాను కట్ట చేయు మూడు పనులు

వంచిన ఉక్కు పట్టీలను పెద్దదాని క్రింద చిన్నది చొప్పున పేర్చి, నడుమ ఒక సెంటరు బోల్టుతో బిగించినచో కమాను కట్ట యగును. అన్నిటికంటె పైనున్న పొడవైన పట్టీని మెయిన్ పట్టీ అందురు. దాని రెండు చివరలను గుండ్రముగా చుట్టి కన్నులు చేయుదురు. ముందు కన్ను ఒక బోల్టు ద్వారా నేరుగా బాడీకి తగులుకొని యుండును. వెనుక కన్ను మాత్రము షాకిలు అను చిన్న ఊగుడు లింకు ద్వారా తగులుకొనును. బరువు పడినప్పుడు వంపు తగ్గి కమాను పొడవగును గదా! ఆ పొడవునకు చోటిచ్చుటకే షాకిలు ముందు వెనుకలకు ఊగును. అది తుప్పుపట్టి బిగిసినచో కమాను పొడవగుటకు వీలులేక, కారు కట్టెబండివలె ఎగిరి పడును.

కమాను మొదటి పని బరువును మోయుట. రెండవ పని ఇరుసును దాని చోటున నిలుపుట. చాలమంది మరచునది ఈ రెండవదానినే. అంబాసిడర్‌లో వెనుక చక్రములు నేలను తన్ని కారును ముందుకు నెట్టునప్పుడు, ఆ నెట్టుడు బలమంతయు కమాను ముందు సగము ద్వారా, ముందు కన్నులోని బోల్టు ద్వారా బాడీకి చేరును. ఇరుసును పట్టియుంచుటకు వేరొక కడ్డీ లేదు. మూడవ పని, బ్రేకు వేసినప్పుడును గేరు పట్టినప్పుడును ఇరుసు తన చుట్టు తాను తిరుగబోగా దానిని అడ్డుకొనుట. కావున కమాను చెడినదనగా కుదుపు హెచ్చినదని మాత్రమే అర్థము కాదు. బ్రేకు వేసినప్పుడు కారు నిటారుగా నిలుచునా లేదా అను ప్రశ్న కూడ అందు ఇమిడి యున్నది.

కమానుతో పాటు ప్రతి ప్రక్కను ఒక షాక్ అబ్సార్బరు ఉండును. గతుకులో పడిన పిమ్మట కమాను మరల మరల ఊగకుండ ఆపుట దాని పని. బరువు మోయునది కమాను, ఊపు నాపునది షాక్ అబ్సార్బరు. ఒకటి చెడినచో రెండవదానిని మార్చుట వలన ప్రయోజనము లేదు.

బుష్షు అనగా నేమి?

ఇనుప కన్నులో ఇనుప బోల్టు నేరుగా తిరిగినచో రెండును అరుగును, చప్పుడు చేయును. అందుచే రెండింటికి నడుమ రబ్బరు బుష్షు నుంచుదురు. కొన్ని బుష్షులు రెండు సగములుగా వచ్చును. వాటిని కన్నునకు ఇరువైపుల నుండి దూర్చుదురు. మరికొన్నిటిలో రెండు ఇనుప గొట్టముల నడుమ రబ్బరు గట్టిగా అతుక్కొని యుండును. ఈ రెండవ రకములో బోల్టు చుట్టు ఏదియు జారదు. కమాను కదలినప్పుడెల్ల రబ్బరే మెలితిరిగి, మరల యథాస్థితికి వచ్చును. అందుచే దీనికి కందెన అక్కరలేదు.

పచ్చి రబ్బరు ఎండకు సాగును, చలికి బిరుసెక్కును. 1839లో అమెరికా దేశస్థుడైన చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకము కలిపి వేడి చేసినచో రబ్బరు గట్టిపడి నిలుచునని కనుగొనెను. నేటి బుష్షులకు మూలము ఆ పద్ధతియే. అయినను రబ్బరునకు ముగ్గురు శత్రువులు గలరు: వేడి, గాలి, నూనె. వేడికిని గాలికిని అది క్రమముగా బిరుసెక్కి పగుళ్లు వారును. ఇంజను ఆయిలు, గ్రీజు, డీజిలు తగిలినచో ఉబ్బి మెత్తబడును. చప్పుడు వచ్చుచున్నదని బుష్షులపై పాత ఇంజను ఆయిలు పోయు అలవాటు కొందరికి కలదు. చప్పుడు రెండు దినములు ఆగును, బుష్షు ఆయువు మాత్రము సగమగును.

ఇటీవల పాలీయురిథేన్ అను పదార్థముతో చేసిన బుష్షులు కూడ దొరకుచున్నవి. ఇవి నూనెకు తట్టుకొనును, రబ్బరుకంటె ఎక్కువకాలము ఆకారము చెడక నిలుచును. అయితే గట్టిదనము హెచ్చగుటచే రోడ్డు కుదుపు కొంత లోపలికి తెలియును. కొన్నిటికి ప్రత్యేకమైన గ్రీజు వేయవలసి యుండును. నిదానముగా కుటుంబ ప్రయాణములు చేయు పాత కారునకు మంచి రబ్బరు బుష్షులే సుఖము.

మన నేల, మన గాలి

డెల్టాలో నల్లరేగడి నేల హెచ్చు. ఆ నేల వానకు ఉబ్బును, వేసవికి బీటలు వారి కుంగును. దానిపై వేసిన రోడ్డు నున్నగా నున్నట్లు కనబడినను కొలదికాలమునకే అలలవలె తేలును. ఇట్టి రోడ్డుపై కమాను క్షణక్షణము పైకి క్రిందికి ఊగుచునే యుండును. పెద్ద గోతిలో ఒక్కమారు పడుటకంటె, వేలకొలది చిన్న ఊపులే ఉక్కును అలయజేయును. ఒక తీగను అటునిటు వంచుచు పోయినచో కొంతసేపటికి విరుగునట్లే, పట్టీకి కూడ ఒక బలహీనమైన చోట సన్నని పగులు పుట్టి, రోజురోజునకు పెరిగి, ఒకనాడు తునుగును.

సముద్రతీరము వైపున వేరొక చిక్కు కలదు. బాపట్ల చెంతనున్న సూర్యలంకకును, రేపల్లెకు దిగువనున్న నిజాంపట్నమునకును తరచు పోవు వాహనములకు ఉప్పుగాలి, ఉప్పుటిసుక అంటును. అవి పట్టీల నడుమ చేరి తుప్పు పుట్టించును. తుప్పు పొర లావెక్కి పట్టీలను ఎడము చేయును, ఉక్కుపై చిన్న గుంటలు చేయును. పగులు ఆరంభమగునది ఆ గుంటలలోనే. తీరమునకు పోయివచ్చిన కారు అడుగు భాగమును మంచినీటితో కడుగుట ఖర్చులేని వైద్యము.

జబ్బును గుర్తించుట

ఈ క్రింది సూచనలలో ఏ ఒక్కటి కనబడినను పరీక్ష చేయింపవలెను.

1. సమతలమున నిలిపిన ఖాళీ కారు వెనుక భాగము ఒక ప్రక్కకు ఒరిగియుండుట. కుడి ఎడమల చక్రము మధ్యనుండి మడ్‌గార్డు అంచు వరకు కొలచినచో తేడా తెలియును.

2. గేరు పట్టి క్లచ్చి వదలినప్పుడును, బ్రేకు వేసినప్పుడును వెనుకనుండి టక్కుమని ఒక్క దెబ్బ వినబడుట. ఇది అరిగిన బుష్షునకుగాని, వదులైన యూ బోల్టులకుగాని గుర్తు.

3. నేరుగా పోవుచున్న కారు వెనుక భాగము తోక ఊపినట్లు అటునిటు ఊగుట.

4. బరువు వేసినప్పుడు టైరు మడ్‌గార్డు లోపలి అంచునకు రాచుకొనుట.

5. కారు వెనుక మూలను చేతులతో గట్టిగా అదిమి వదలినప్పుడు ఒకటి రెండు ఊపులలో నిలువక ఊగుచునే యుండుట. ఇది షాక్ అబ్సార్బరు లోపము.

6. కన్నునకును షాకిలునకును నడుమ ఇనుప గడ్డపారను ఉంచి మెల్లగా ఎత్తినచో బోల్టు ఆడుట, లేక రబ్బరు ఒక ప్రక్కకు పిగిలి బయటకు వచ్చియుండుట.

పనికి ముందు ప్రాణరక్షణ

కారు క్రిందకు దూరి చేయు పని గనుక ఈ భాగమును రెండుమార్లు చదువవలసినదని మనవి. పనికి సిమెంటు గచ్చు వంటి గట్టి సమతలము కావలెను. పొలము మట్టిలోగాని, తారు మెత్తబడిన ఎండరోడ్డుపైగాని జాకీ దిగబడును. ముందు చక్రములు రెండింటికి ముందు వెనుకల చెక్కదిమ్మెలు అడ్డు పెట్టవలెను. అంబాసిడర్‌లో హ్యాండుబ్రేకు వెనుక చక్రములనే పట్టును. వెనుక భాగమును పైకి లేపిన తరువాత ఆ బ్రేకు కారును ఆపజాలదు. ఈ సంగతి మరచిన చోటనే కారు ముందుకు జరిగి జాకీ ఒరిగిపోవును.

జాకీ కారును లేపుటకే గాని నిలుపుటకు కాదు. లేపిన పిమ్మట, కమాను ముందు కన్నునకు ముందున్న బలమైన ఉక్కు భాగము క్రింద రెండు వైపులను ఇనుప స్టాండులు నిలిపి, వాటిపై బరువు దింపవలెను. ఇటుకలను ఎన్నడును వాడరాదు. ఇటుక ముందుగా హెచ్చరింపక ఒక్కసారిగా పొడియగును. స్టాండులు దొరకనిచో ఆ పనిని ఇంట చేయక వర్క్‌షాపునకు పంపుటయే వివేకము. కారు స్టాండులపై నిలిచిన తరువాత బయటనుండి చేతితో గట్టిగా నెట్టి చూచి, కదలలేదని రూఢి చేసికొని గాని క్రిందకు దూరరాదు. ఒంటరిగా పని చేయరాదు. రెండవ మనిషి పిలుపునకు అందునట్లు ఉండవలెను.

విప్పు క్రమము

ముందు దినమే బోల్టులన్నిటికిని తుప్పు వదలించు నూనె వేసి నాననీయవలెను. మరునాడు చక్రపు నట్లను కారు నేలపై నుండగానే కొంచెము వదులు చేసి, పిమ్మట కారును లేపి చక్రములు తీయవలెను.

ఒకేమారు రెండు ప్రక్కలను విప్పరాదు. ఒక ప్రక్క పూర్తిచేసిన తరువాతనే రెండవది మొదలిడవలెను. ఇందువలన ఇరుసు తన చోటు వదలదు. విప్పని ప్రక్క, కట్టుటకు నమూనాగా కూడ ఉపయోగపడును.

ఇరుసు క్రింద జాకీ నుంచి దాని బరువును ఆనించిన పిమ్మట షాక్ అబ్సార్బరు క్రింది లింకును విడదీయవలెను. ఇరుసును మరీ దిగువకు దింపినచో బ్రేకు నూనె పోవు రబ్బరు గొట్టము లాగబడి తెగును. ఆ గొట్టముపై ఒక కన్ను వేసి యుంచవలెను. తరువాత యూ బోల్టుల నట్లను ఒక్కొక్కటి కొంచెము కొంచెముగా, ఎదురెదురు మూలల వరుసలో వదులు చేయవలెను. ఆ పైన షాకిలును, చివరకు ముందు కన్ను బోల్టును తీసి, ఇద్దరు మనుషులు కమానును జాగ్రత్తగా దింపవలెను.

పట్టీల పరీక్ష

పట్టీలు వేర్వేరు వంపులతో చేయబడి, సెంటరు బోల్టు బిగింపులో ఒత్తుకొని యుండును. ఆ బోల్టును ఊరక విప్పినచో పట్టీలు ఎగిరి చేతికిగాని ముఖమునకుగాని తగులును. కావున బోల్టునకు ఇరుప్రక్కల బలమైన బిగింపు పట్లు వేసి, బోల్టు తీసిన పిదప ఆ పట్లను క్రమముగా వదలవలెను. విడదీయక మునుపే ప్రతి పట్టీకి వరుస సంఖ్యయు, ముందు చివర యేదో గుర్తును వేసికొనుట మంచిది.

పట్టీలను తీగబ్రష్షుతో తోమి తుప్పు పోగొట్టవలెను. సన్నని పగులు కంటికి ఆనదు. దానికి పాతకాలపు మంచి ఉపాయ మొకటి కలదు. పట్టీని కిరోసిన్‌తో తడిపి కొంతసేపు ఉంచి, పొడిగుడ్డతో శుభ్రముగా తుడిచి, పైన సుద్దపొడి రాయవలెను. పగులు ఉన్నచో అందులో దాగిన కిరోసిన్ బయటకు ఊరి, తెల్లని సుద్దపై నల్లని గీతవలె కనబడును. సెంటరు బోల్టు రంధ్రము చుట్టును, కన్ను మెడ వద్దను, చిన్న పట్టీ చివర పెద్ద పట్టీని ఒరసికొను చోటను ఈ పరీక్ష తప్పక చేయవలెను. పట్టీలు విరుగునది తరచు ఈ మూడు చోట్లనే.

వంపు తగ్గినదా లేదా తెలిసికొనుటకు కమాను రెండు కన్నుల నడుమ దారము బిగించి, దారమునుండి మెయిన్ పట్టీ మధ్యకు గల దూరమును కొలువవలెను. కుడి ఎడమ కమానుల కొలతలు ఒకటిగా నుండవలెను. అవి తయారీదారు సర్వీసు పుస్తకములోని కొలతకు సరిపోవలెను.

విరిగిన పట్టీకి అతుకు వేయవచ్చునా?

కొందరు డ్రైవరులు తప్పక అడుగు ప్రశ్న ఇది: "మేస్త్రీగారూ, కొత్తదెందుకు, వెల్డింగు పెట్టించరాదా?" సమాధానము ఒక్కటే: పెట్టించరాదు. కమాను ఉక్కును ప్రత్యేకముగా కాచి, చల్లార్చి, పదును నిలిపి తయారు చేయుదురు. దానికి వంగి మరల లేచు గుణము వచ్చినది ఆ పదునువలననే. వెల్డింగు మంట తగిలినచోట ఆ పదును చెడును. అతుకు నిలిచినట్లు కనబడినను, దాని ప్రక్కననే ఉక్కు గాజువలె పెళుసై విరుగును.

వంపు తగ్గిన పట్టీని కొలిమిలో ఎర్రగా కాచి వంచుటయు ఇట్టిదే. కాచిన తరువాత పదును తిరిగి పట్టు విధానము తెలిసిన పనివాడు, తగిన సాధనములు ఉన్నచో ఫరవాలేదు. ఊరక కాచి వంచిన పట్టీ నాలుగు నెలలలో మరల చదునగును. తెలిసిన కమ్మరి చల్లని పట్టీని సుత్తిదెబ్బలతో క్రమముగా వంచు పద్ధతి కొంత మేలు. అదియును పగులు లేని పట్టీకి మాత్రమే.

బరువు ఎక్కువ వేయుటకై అదనముగా పట్టీలు చేర్చుటయు వాంఛనీయము కాదు. కమాను బిరుసెక్కిన కొలది ఆ దెబ్బ ఇరుసునకును, బాడీ ఉక్కునకును చేరును. బ్రేకులు, టైర్లు మాత్రము పాతవే గదా! మోయగలిగిన కారు ఆగగలుగవలెను కూడ. వాహన నిర్మాణమును తయారీదారు నిర్ణయించిన రూపమునకు భిన్నముగా మార్చుటపై 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనులో ఆంక్షలు కలవు.

పట్టీ మార్చవలసి వచ్చినచో రెండు ప్రక్కలను సమానముగా మార్చుట ఉత్తమము. ఒక ప్రక్క క్రొత్తది, రెండవ ప్రక్క అలసినది ఉన్నచో కారు మరల ఒరుగును.

బుష్షుల మార్పిడి

పాత బుష్షు తీయుటకు మంటపెట్టి రబ్బరు కాల్చు పద్ధతి అనేకచోట్ల కనబడును. ఆ పొగ ఊపిరికి హానికరము. మంట వేడికి కన్ను పదును కూడ పోవును. దానికి బదులు వైస్ చాలును. కన్నునకు ఒక ప్రక్క బుష్షుకంటె కొంచెము పెద్దదైన గొట్టపు ముక్క నుంచి, రెండవ ప్రక్క బుష్షుకంటె కొంచెము చిన్నదైన ముక్క నుంచి వైస్‌ను బిగించినచో, చిన్నది బుష్షును పెద్దదానిలోనికి నెట్టును. వైస్ లేనిచో పొడవైన మరబోల్టు, నట్లు, లావు వాషర్లతో ఇదే పని చేయవచ్చును. బయటి గొట్టము తుప్పుతో అతుక్కొనిపోయినచో, రంపపు బ్లేడును లోపల దూర్చి ఆ గొట్టమును నిలువునా కోయవలెను. కోత కన్ను ఉక్కును తాకరాదు. అచట పడిన గీతయే రేపటి పగులు.

కన్ను లోపల తుప్పును ఎమరీ కాగితముతో తీసి, క్రొత్త బుష్షుకు సబ్బునీరు మాత్రమే రాసి దూర్చవలెను. గ్రీజు రాయరాదు. ఇనుప గొట్టము గల బుష్షును నెట్టునప్పుడు బలము బయటి గొట్టముపై పడవలెను. లోపలి గొట్టమును నెట్టినచో రబ్బరు అతుకు మొదటిదినమే తెగును.

కొనునప్పుడు కూడ జాగ్రత్త అవసరము. ఏండ్ల తరబడి అంగడిలో పడియున్న రబ్బరు వాడకయే ముసలిదగును. గోటితో నొక్కినచో కొంచెము దిగి మరల లేవవలెను. వంచి చూచినచో పగుళ్లు కనబడరాదు. విజయవాడ, గుంటూరు ఆటోనగర్లలో వెదకువారు పాత బుష్షును, పాత బోల్టును వెంట తీసికొనిపోయి కొలత సరిచూచుకొనవలెను.

తిరిగి బిగించుట

శుభ్రపరచిన పట్టీల నడుమ గ్రాఫైటు గ్రీజును పలుచగా రాసి, వరుస తప్పక పేర్చి, క్రొత్త సెంటరు బోల్టు వేయవలెను. ఆ బోల్టు తల ఇరుసు పీటలోని రంధ్రమున సరిగా కూర్చుండవలెను. అది కూర్చుండకయే యూ బోల్టులు బిగించినచో ఇరుసు వంకరగా నిలిచి, కారు నడకలో ఎండ్రకాయ పోకడ వచ్చును. యూ బోల్టులు ఒకమారు సాగినవి మరల నమ్మదగవు. వాటిని నట్లతో సహా మార్చి, ఎదురెదురు మూలల వరుసలో సమానముగా బిగించవలెను.

ఇంతవరకు శ్రద్ధగా చేసినవారు కూడ తరచు చేయు ఒక లోపము కలదు. కారు గాలిలో వ్రేలాడుచుండగానే కన్ను బోల్టులను, షాకిలు నట్లను పూర్తిగా బిగించుట. అప్పుడు కమాను పూర్తి వంపులో నుండును. ఆ స్థితిలో బుష్షు బిగిసిపోయి, కారు నేలకు దిగగానే రబ్బరు మెలితిరిగి యుండును. కారు ఊరక నిలిచియున్నను ఆ మెలిక వదలదు. రోడ్డు ఊపులు దానికి తోడై కొలది మాసములలోనే బుష్షు చిరుగును. కావున ఆ బోల్టులను మొదట చేతి బిగువుగా మాత్రమే ఉంచి, చక్రములు వేసి, కారును నేలకు దింపి, రెండు మూడుమార్లు అదిమి ఊపి, బరువు చక్రములపై పడిన తరువాత తుది బిగువు వేయవలెను. బిగువు ఎంతయో సర్వీసు పుస్తకములోని అంకె ప్రకారము టార్కు స్పానరుతో చూచుట మేలు.

తరువాతి పరీక్షలు

ముందు కన్ను బోల్టునుండి ఇరుసునకు గల దూరము కుడి ఎడమల సమానముగా నున్నదా దారముతో కొలువవలెను. బ్రేకు గొట్టము ఎచటను రాచుకొనకుండ చూడవలెను. జనసంచారము లేని వెడల్పైన రోడ్డుపై నిదానముగా నడిపి, బ్రేకు వేసి, కారు ఏ ప్రక్కకైన లాగుచున్నదా గమనింపవలెను.

క్రొత్త యూ బోల్టులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కుదురుకొని కొంత వదులగును. తెనాలి రేపల్లెల నడుమ రైలుమార్గము సుమారు 34 కిలోమీటర్లు. అంత దూరమును నాలుగు మార్లు పోయివచ్చినంత నడక కాగానే మరల బిగించి చూడవలెను. అటుపైన ఏటా వానకాలము ముగిసిన తరువాత ఒకమారు అడుగు భాగమును కడిగి పరీక్షించుకొన్నచో చాలును.

కాపాడవలెనా, వదలుకొనవలెనా?

అంబాసిడర్ బాడీకి లారీవలె వేరు చట్రము లేదు. కమాను తగులుకొను చోట బాడీ ఉక్కే ఆధారము. అచట ఉక్కు తుప్పుతో తినివేయబడి, సుత్తితో తట్టినప్పుడు ఖంగుమనక పొట్టు రాలుచున్నచో, క్రొత్త కమాను వేసియు ప్రయోజనము లేదు. కుళ్లిన దూలమునకు క్రొత్త ఉట్టి కట్టినట్లగును. తుప్పు కొద్దిగా నున్నచో నిపుణుడు పాడైన ఉక్కును కోసివేసి క్రొత్త రేకు వేయగలడు. పెట్రోలు ట్యాంకు వెనుక భాగముననే యుండును గనుక దానిని ముందుగా తొలగింపక, బ్యాటరీ తీగ విప్పక, వెల్డింగు చేయనీయరాదు.

సొంత వాడుక కార్లకు రిజిస్ట్రేషను గడువు 15 సంవత్సరములు. ఆ పిమ్మట తనిఖీ చేయించి అయిదేసి సంవత్సరములకు పొడిగించుకొనవలెను. అద్దెకు తిరుగు వాహనములకు, 8 సంవత్సరములు దాటిన తరువాత, ఏటేటా ఫిట్‌నెస్ ధ్రువపత్రము అవసరము. తనిఖీ దినమునకు రంగు పూయించి, చప్పుడు వినబడకుండ బుష్షులకు ఆయిలు పోసి తీసికొనిపోవుట అధికారిని కాదు, తన్ను తాను మోసగించుకొనుటయే. బాడీ ఉక్కు నిలువని కారును గుర్తింపు పొందిన స్క్రాపింగు కేంద్రమునకు ఒప్పగించి, రిజిస్ట్రేషను రద్దు చేయించుకొనుట యజమాని బాధ్యత. ఆ వాహనము వేరొకరి చేతిలో పడి జరుగు ప్రమాదమునకు తావుండదు.

విరిగిన పట్టీలు కూడ వ్యర్థము కావు. ఆ ఉక్కుతో మన కమ్మరులు కత్తులు, కొడవళ్లు సాగదీయుదురు. తెనాలి శిల్పులు పాత వాహనముల ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహములు చేసి దేశమున పేరు పొందియున్నారు. విరిగిన పట్టీ కొడవలి కావచ్చును, విగ్రహము కావచ్చును. మరల కమాను మాత్రము కారాదు.

ఈ పనిలో అయ్యెడు ఖర్చులో బుష్షుల వెల అత్యల్పము. శ్రమ, శ్రద్ధ అధికము. మన దారులు కాలువ గట్లపై నున్నంతకాలము, పిల్లలను, వృద్ధులను ఎక్కించుకొని ఆ దారిన పోవు ప్రతి డ్రైవరును, ప్రతి యజమానియు నెలకొకమారు వంగి కారు అడుగు భాగమును ఒక పదినిముషములు చూచుట అలవాటు చేసికొనవలెను. యువకులగు మెకానిక్కులు, బోల్టులను బరువుపైననే బిగించుట, విరిగిన పట్టీని అతుకక మార్చుట అను రెండు నియమములను వృత్తిధర్మముగా పాటించినచో ఎన్నియో ఇండ్ల దీపములు ఆరక నిలుచును.